మచ్చ కనబడని మంటకు జవాబు కావాలి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో వ్యవసాయ కూలీల సమావేశం ఎక్కడ పెట్టినా కూలిరేట్లు, ఇండ్ల జాగాలు, రేషను కార్డుల మాట అయిపోయాక ఇంకొక మాట మెల్లగా బయటికొస్తుంది. ఎక్కువగా ఆడవాళ్లే ఎత్తుతారు. "పెయ్యంత మంట పుడుతున్నది. రాత్రిపూట రైక తాకినా ఓర్వలేకపోతున్న. చూస్తే ఏం లేదు" అంటారు. మందు కొట్టే మొగవాళ్లయితే "మొఖం మీద చీమలు పారినట్టయితది, చేతులు సుర్రుమంటయి" అంటారు. దద్దు ఉండదు, పొక్కు ఉండదు, పుండు ఉండదు. ఎదుటివాడికి చూపించడానికేమీ లేని నొప్పి అది.

చూపించలేని నొప్పిని నమ్మేవాళ్లు కరువు. ఇంట్లో చెబితే పని తప్పించుకునే వేషాలంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేసి, ఏదో ట్యూబు మందు చేతిలో పెట్టి పంపుతాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లు కడతారు. ఒకరోజు కూలి వదులుకొని సర్కారు దవాఖానకు పోతే వరసలో గంటల తరబడి నిలబడాలి. చివరికి దొరికేది రెండు నిమిషాలు. "ఏమీ లేదమ్మా, వేడి చేసింది" అన్న మాట, నాలుగు గోలీలు పట్టుకొని ఇంటికి రావాలి. మంట మంటలాగానే ఉంటుంది.

ఏమీ లేదనడం జవాబు కాదు. కారణం వెతకలేదని చెప్పడానికి అది మర్యాదగల మాట, అంతే. వ్యవసాయ కూలీలు ఈ విషయంలో కోరుతున్నది దయ కాదు, జవాబు. ఆ జవాబు ఎక్కడ వెతకాలో, ఎవరు వెతకాలో, మన సంఘాలు దానికోసం ఏం చేయాలో ఆలోచించవలసిన సమయమొచ్చింది.

కనబడకపోతే లేనట్టేనా?

చర్మం ఉత్త తోలు కాదు. దాని కింద వెంట్రుకకన్నా సన్నని నరాల పోగులు అల్లుకొని ఉంటాయి. చల్లన, వెచ్చన, తాకిడి, నొప్పి అన్నీ ఆ పోగులే మెదడుకు మోసుకుపోతాయి. ఆ నరాలకు దెబ్బ తగిలితే చర్మం పైకి ఏ మచ్చా లేకుండా ఉండవచ్చు. లోపల మాత్రం కబురు తప్పుగా పోతుంది. చీర కొంగు తాకితే నిప్పు తాకిందని చెబుతుంది. ఏమీ తాకకుండానే సూదులు గుచ్చుతున్నాయని చెబుతుంది. నరం ఇంకా చెడితే అసలు కబురే పోదు. ముల్లు దిగినా తెలియదు. మంట, తిమ్మిరి, మొద్దు అనేవి మూడు వేరువేరు రోగాలు కానక్కరలేదు. ఒకే నరం చెప్పే మూడు రకాల ఫిర్యాదులు కావచ్చు.

కాబట్టి మచ్చ లేదు గనక జబ్బు లేదన్న వాదన వైద్యశాస్త్రం ముందు నిలవదు. మచ్చ లేని మంట అంటే చర్మాన్ని చూసి ఊరుకోకుండా నరాన్ని పరీక్షించమని అర్థం. దూదితో తాకి, సూదిమొనతో తాకి, చల్లని నీళ్ల సీసా, వెచ్చని నీళ్ల సీసా ఆనించి తేడా అడిగితే చాలు, సగం సంగతి తెలుస్తుంది. దీనికి పట్నం మిషన్లు అక్కరలేదు. కావలసింది పది నిమిషాల తీరిక, రోగి మాట మీద నమ్మకం.

ఇంకొకటి కూడా కావాలి. ఒక ప్రశ్న. ఇటలీ దేశంలో రమజ్జిని అనే వైద్యుడు 1700లో పనివాళ్ల రోగాల మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. రోగి దగ్గరికి పోయిన డాక్టరు పాతకాలం నుంచి అడుగుతున్న ప్రశ్నలకు తోడు మరొకటి కలపాలన్నాడు: నీవు చేసే పని ఏమిటి? మూడువందల ఏళ్లు దాటిపోయాయి. మన మండల దవాఖానల్లో ఓపీ చీటీ మీద పేరు రాస్తారు, వయసు రాస్తారు, ఊరు రాస్తారు. పనేమిటో మాత్రం అడిగే నాథుడు లేడు.

పొలంలో ఏం తాకుతున్నది?

మన ప్రాంతం వరి, మక్క, చెరుకు, పత్తి, సోయా పండే ప్రాంతం. నిజాంసాగర్ కాలువ కింద ఒక తీరు సేద్యం, ఎగువన బోర్ల కింద ఇంకొక తీరు. తీరు ఏదైనా మందు కొట్టకుండా పంట ఇంటికి రావడం లేదు. 2018లో కత్తెర పురుగు మన దేశంలోకి వచ్చాక మక్క చేన్లలో కూడా పంపు భుజాన వేసుకోక తప్పడం లేదు. ఈ మందుల్లో కొన్ని సరిగ్గా మన కూలీలు చెప్పే మంటనే పుట్టిస్తాయి.

సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ అనే పేర్లు డబ్బాల మీద చూసే ఉంటారు. ఇవి పురుగు నరాలను కొట్టే మందులు. మనిషి చర్మం మీద పడితే అక్కడి నరాల చివరలను కూడా రెచ్చగొడతాయి. పడిన అరగంటకో, కొన్ని గంటలకో మొఖం మీద, మెడ మీద, ముంజేతుల మీద సుర్రుమనే మంట, జలజల, తిమ్మిరి మొదలవుతాయి. చెమట పట్టినా, ఎండ తగిలినా, వేడినీళ్లు పోసుకున్నా పెరుగుతుంది. చర్మం మీద మాత్రం ఎర్రదనం గాని, పొక్కు గాని ఉండనక్కరలేదు. మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది. అందుకే దవాఖానకు పోయేసరికి డాక్టరుకు ఏమీ కనబడదు. రేపు మళ్లీ పంపు ఎత్తితే మళ్లీ అదే మంట.

ఇది ఎవరి ఊహా కాదు. 1983 నుంచి 1988 వరకు ఆరేళ్లలో ఈ జాతి మందుల వల్ల జబ్బుపడ్డవాళ్లు చైనా వైద్య పత్రికల్లో నమోదైనంతవరకే 573 మంది అని అక్కడి వైద్యులు లెక్క తీశారు. పత్తి చేలల్లో మందు కొట్టేవాళ్ల మొఖం మంటను వాళ్లు రోగలక్షణంగా రాసుకున్నారు. మన దగ్గర అదే మంటకు పేరు "వేడి చేసింది".

మందు కొట్టేవాడికే ఈ బాధ అనుకుంటే పొరపాటు. డ్రమ్ములో మందు కలిపేది, బిందెలతో నీళ్లు మోసి పంపు నింపేది చాలాచోట్ల ఆడమనిషి. మందు కొట్టిన మరునాడే కలుపుకు దిగేది ఆడమనిషి. తడి ఆకులు ముంజేతులకు, పిక్కలకు, పొట్టకు రాసుకుంటూ ఆమె సాలు వెంట సాలు నడుస్తుంది. ఏ మందు కొట్టారో, ఎప్పుడు కొట్టారో ఆమెకు ఎవరూ చెప్పరు. మందు తడిసిన ఇంటాయన బట్టలు సాయంత్రం ఉతికేది కూడా ఆమే. పంపు మోయలేదు గనక ఆమె మంటకు మందుతో సంబంధం లేదని తేల్చేస్తారు.

గుళికల సంగతి మరీ అన్యాయం. వరిమడిలో ఫోరేట్ గుళికలను యూరియాలో కలిపి వట్టి చేతులతో చల్లించిన రోజులు మన కూలీలకు బాగా గుర్తు. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో 18 రకాల పురుగుమందుల నిషేధానికి ఉత్తర్వు ఇచ్చింది. అందులో ఫోరేట్‌ను 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా ఆపమన్నది. మంచిదే. అయితే అంతకుముందు ఏళ్ల తరబడి ఆ గుళికలు పిడికిట్లో పట్టి చల్లిన చేతుల మాటేమిటి? మందును ఆపడానికి కాగితం వచ్చింది గాని ఆ చేతులను పరీక్షించడానికి ఏ కాగితమూ రాలేదు.

మందు ఒక్కటే కాదు. గట్ల మీద, బీళ్లలో తెల్లపూలతో నిలబడే వయ్యారిభామ ఉన్నది. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటాం. 1950ల మధ్యలో పుణె దగ్గర మొదట గుర్తించారు. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో పాటు వచ్చిందని చెబుతారు. ఆకలికి గింజలు పంపి గడ్డిని ఉచితంగా ఇచ్చినట్టయింది. దీని పొడి, పుప్పొడి పడనివాళ్లకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదపెట్టి చర్మం దళసరి ఎక్కుతుంది. ఎండలోకి పోతే మరీ మండుతుంది. దూలగొండి నూగు, గొంగళి వెంట్రుకలు, వరిమడి నీళ్లలో పాసిన కాళ్లు, యూరియా మంట ఇవన్నీ కూలీకి తెలిసినవే. తెలిసిన మంటకూ తెలియని మంటకూ తేడా మనవాళ్లకు బాగానే తెలుసు. తెలియనిదాన్ని గురించే వాళ్లు అడుగుతున్నారు.

ప్రతి మంటా మందు మంట కాదు

ఇక్కడ కార్యకర్తలు ఒక జాగ్రత్త పాటించాలి. కనబడిన ప్రతి మంటనూ పురుగుమందు ఖాతాలో రాస్తే మన మాటకు విలువ పోతుంది. అంతకుమించి ఒక మనిషి అసలు జబ్బు దాగిపోతుంది. అరికాళ్లు మండుతూ రాత్రిళ్లు ఎక్కువైతే షుగరు పరీక్ష చేయించాలి. షుగరు డబ్బున్నవాళ్ల రోగమన్న రోజులు పోయాయి. రేషను బియ్యం మీద బతికే కూలీకీ వస్తున్నది. పాలు, గుడ్డు, మాంసం సరిగా అందని మనిషికి బి12 విటమిను తక్కువై చేతులు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మండుతాయి. ఏళ్ల తరబడి తాగుడు కూడా నరాలను చెరుస్తుంది. ఒంటికి ఒక పక్కనే పట్టీలాగ మంట పుట్టి నాలుగు రోజులకు నీటిపొక్కులు లేస్తే అది సర్పి. పొక్కులు మానినా కొందరికి నెలల తరబడి బట్ట తాకితే ఓర్వలేని నొప్పి మిగులుతుంది. వీటిలో చాలావాటికి మందు ఉన్నది. ముందు కనిపెట్టాలి, అంతే.

అన్నిటికన్నా ముఖ్యంగా కనిపెట్టవలసింది కుష్టు. ఆ మాట పలకడానికే మనవాళ్లు జంకుతారు. "పెద్దరోగం" అని గొంతు తగ్గిస్తారు. ఆ జంకే రోగానికి బలం.

కామారెడ్డి నుంచి నిజామాబాదు పోయే దారిలో డిచ్‌పల్లి వస్తుంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు 1915లో అక్కడ కుష్టు రోగుల దవాఖాన పెట్టింది. ఆ పనికి రాజా నర్సాగౌడ్ సొమ్మిచ్చాడు. నైజాం రాజ్యంలో ఊరి బయటికి తరిమేసిన మనుషులు అక్కడికి నడిచొచ్చారు. చాల్‌మోగ్రా నూనెను సూదులతో ఎక్కించడం తప్ప వేరే వైద్యం లేని కాలమది. ఇప్పుడా స్థితి లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇవ్వాలని చెప్పింది. మన దేశంలోనూ ఆ పద్ధతి వచ్చింది. రోగం తీరునుబట్టి ఆరు నెలలో, ఏడాదో మందు మింగితే కుష్టు నయమవుతుంది. మందు సర్కారు దవాఖానలో ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే రోగం ఇతరులకు అంటే గుణం పోతుంది.

మరి సమస్య ఎక్కడ? పదివేలమందికి ఒక రోగికన్నా తక్కువకు తెచ్చామని మన ప్రభుత్వం 2005 చివరికి ప్రకటించుకున్నది. ఆ ప్రకటన వచ్చాక ఇంటింటికీ తిరిగి చూసే పని సన్నగిల్లింది. రోగం మాత్రం ప్రకటన చదవలేదు. ఈ దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త రోగులు ఇప్పటికీ బయటపడుతున్నారు. ప్రపంచంలోని కొత్త రోగుల్లో సగానికి పైన మనవాళ్లే. కుష్టు సూక్ష్మజీవి మొదట కూర్చునేది నరాల్లో. రంగు తగ్గిన మచ్చ, అందులో సూదిమొన తెలియకపోవడం అందరికీ తెలిసిన గుర్తు. కాని మోచేతి నరం ఉబ్బి నొప్పిపెట్టడం, చిటికెన వేలు తిమ్మిరెక్కడం, కాళ్లు చేతులు మండడం కూడా దాని గుర్తులే. కొందరికి మచ్చ లేకుండా నరానికే పడుతుంది. "ఏమీ లేదు" అని పంపిన మనిషికి రెండేళ్ల తర్వాత వేళ్లు వంకరపోతే ఆ పాపం ఎవరిది?

లెక్కపెట్టినచోటే జవాబు దొరికింది

కారణం తెలియని జబ్బు మనకొక్కరికే రాలేదు. తెలుగు నేల మీదే పాత ఉదాహరణ ఒకటి ఉన్నది. 1930లలో నాటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఎడ్లు కీళ్లు బిగుసుకొని నడవలేకపోతున్నాయని రైతులే మొదట గమనించారు. తర్వాత మనుషుల నడుములు వంగిపోవడం చూశారు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు పరిశోధించి అది బావినీళ్లలోని ఫ్లోరైడు పని అని తేల్చారు. పట్నంలో కూర్చున్న శాస్త్రం ఆ రోగాన్ని కనిపెట్టలేదు. ఎద్దును రోజూ చూసే రైతు కన్ను కనిపెట్టింది. శాస్త్రం ఆ కన్నును నమ్మింది గనకనే కారణం తెలిసింది.

నమ్మనిచోట ఏమైందో జపాను చెబుతుంది. మినమాటా అనే సముద్రతీరపు ఊళ్లో జాలరుల చేతులు కాళ్లు తిమ్మిరెక్కాయి, పెదవులు మొద్దుబారాయి, నడక తడబడింది. 1956 మే నెలలో దాన్ని "వింత రోగం"గా నమోదు చేశారు. అంటురోగమేమోనని ఊరివాళ్లు రోగులను వెలివేశారు. చిస్సో అనే రసాయనాల ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లో చేరి, చేపల నుంచి మనుషుల్లో చేరిందని విశ్వవిద్యాలయపు వైద్యులు కొద్ది ఏళ్లకే చెప్పారు. ప్రభుత్వం ఆ మాట ఒప్పుకున్నది 1968 సెప్టెంబరులో. పన్నెండేళ్లు! అప్పటికి ఫ్యాక్టరీ ఆ పద్ధతి తనంతట తాను మానుకున్నది. జవాబు తెలియక ఆలస్యం కాలేదు. ఆ జవాబు ఎవరికి నష్టమో వాళ్ల చెయ్యి పైన ఉన్నది గనక ఆలస్యమైంది.

మన పొరుగున మహారాష్ట్రలో 2017 వానాకాలం పంటకు యవత్మాల్ జిల్లా పత్తి చేలల్లో మందు కొడుతూ ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది దవాఖాన పాలయ్యారు. అప్పుడు పత్రికలు రాశాయి, మంత్రులు తిరిగారు, విచారణలు వేశారు. చనిపోతేనే లెక్కలోకి వస్తాం. మండుతూ బతికి ఉన్నవాళ్లం ఏ లెక్కలోనూ లేము.

చట్టం ఉన్నది, బీరువాలో

మన దేశంలో పురుగుమందుల చట్టం 1968లో చేశారు. దాని నిబంధనలు 1971లో వచ్చాయి. చేతి తొడుగులు, మొఖానికి అడ్డు, రక్షణ బట్టలు ఇవ్వాలన్నారు. మందు తయారుచేసే, చల్లే పనిలో ఉన్నవాళ్లకు వైద్య పరీక్షలు జరపాలన్నారు. డబ్బాతో పాటు ఇచ్చే కాగితంలో విషలక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు ప్రాంతీయ భాషలో ఉండాలన్నారు. ఆ కాగితంలోని అక్షరాలు చీమ తలకాయంత. చదువుకున్నవాడికే భూతద్దం కావాలి. కాగితం ఎలాగూ డీలరు కొట్టు దాటి చేను దాకా రాదు.

అదే చట్టంలో 26వ సెక్షను ఉన్నది. కార్యకర్తలు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. పురుగుమందు వాడకం వల్ల విషం సోకిన సంగతి తమ దృష్టికి వస్తే వెంటనే అధికారికి తెలియజేయాలని ఎవరినైనా సరే ఆదేశించే అధికారం దీనికింద రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. ఒక్క గెజిటు ప్రకటన చాలు. అప్పుడు దవాఖాన డాక్టరు "వేడి చేసింది" అని పంపలేడు. రాయాలి, పైకి పంపాలి.

నష్టపరిహారం మాటకొస్తే, 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం జాబితాలోకి పొలాల్లో పురుగుమందు చల్లే పనివాళ్లను కూడా తర్వాత చేర్చారు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం పోయి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. చట్టం పేరు మారినా కూలీకి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: నీ జబ్బు ఆ పని వల్ల వచ్చిందనడానికి రుజువేది? దవాఖాన చీటీ మీద పని రాయనప్పుడు, మందు పేరు రాయనప్పుడు, రుజువు ఆకాశం నుంచి ఊడిపడదు. నమోదు చేయకపోవడమంటే హక్కును ముందే కోసేయడం.

ఈ తగాదా ఎవరితోనో కూడా తేల్చుకోవాలి. రెండెకరాల రైతు, కౌలు రైతు మన పగవాళ్లు కారు. వాళ్లే పంపు మోస్తారు, వాళ్లూ మండుతారు. అప్పు ఇచ్చే డీలరే వాళ్లకు పంటల డాక్టరు. అతను రెండు మూడు డబ్బాలు కలిపి కొట్టమంటే కొడతారు. వ్యవసాయాధికారి ఊరికొచ్చి చెప్పే దిక్కు లేదు. లాభం కంపెనీది, కమీషను డీలరుది, అప్పు రైతుది, మంట కూలీది. కాబట్టి రక్షణ సామాను ఖర్చు చిన్నరైతు నెత్తిన రుద్దడానికి మేం ఒప్పుకోం. అమ్ముకునే కంపెనీలు, అమ్మనిచ్చే ప్రభుత్వం భరించాలి. వంద ఎకరాలు చేయించే పెద్ద ఆసామి సంగతి వేరు. అతను భరించవలసిందే.

మన కోర్కెలు

కామారెడ్డి 2016లో వేరే జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఇక నిజామాబాదు, హైదరాబాదుల పేరు చెప్పి తప్పించుకునే వీలు లేదు. కాబట్టి మన సంఘాలు ఈ కింది కోర్కెలు ముందుకు తేవాలి.

1. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ చీటీ మీద రోగి చేసే పని, గత వారంలో తాకిన మందు పేరు తప్పనిసరిగా రాయాలి.

2. 26వ సెక్షను కింద ప్రకటన చేసి, సర్కారు డాక్టర్లు, ప్రైవేటు డాక్టర్లు అందరూ పురుగుమందు జబ్బులను నమోదు చేసేటట్టు చూడాలి. ఏడాదికోసారి ఆ లెక్కను బయటపెట్టాలి.

3. మెడికల్ కాలేజీ వైద్యులు ఎల్లారెడ్డి, బాన్సువాడ, కామారెడ్డి డివిజన్లలో మందు కొట్టే కాలంలో ఊళ్లకొచ్చి నరాల పరీక్ష, కుష్టు పరీక్ష, షుగరు పరీక్ష ఉచితంగా చేయాలి. పొద్దున కూలీకి పోయేవాళ్లు ఉంటారు గనక సాయంత్రం పూట పెట్టాలి.

4. మందు కొట్టిన చేనుకు గుర్తు కట్టాలి. ఏ మందు, ఏ రోజు కొట్టారో చెప్పనిదే కలుపుకు దింపకూడదు. చేను దగ్గర సబ్బు, నీళ్లు ఉంచాలి.

5. పని వల్ల జబ్బుపడ్డ కూలీకి వైద్యం ఖర్చు, పోయిన కూలి దొరకాలి. జబ్బు చెప్పుకున్నందుకు పనిలోకి పిలవకుండా చేస్తే సంఘం అడ్డుకోవాలి.

ఎవరో చేసేదాకా కూర్చోనక్కరలేదు

ఈ కోర్కెలు సాధించేలోగా మన చేతిలో ఉన్న పని కూడా ఉన్నది. ప్రతి ఊరి కమిటీ ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఎవరికి మంట వచ్చింది, ఏ పని చేశారు, ఏ చేను, ఏ మందు, ఎన్ని గంటలకు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, ఇంకెవరికి వచ్చింది అని రాయాలి. ఒక మనిషి చెబితే వేషమంటారు. ఒకే చేలో దిగిన ఎనిమిదిమంది చెబితే సాక్ష్యమంటారు. ఖాళీ డబ్బా దొరికితే దాని మీది కాగితం ఫోనులో ఫోటో తీసి ఉంచండి. డబ్బాను మాత్రం ఇంటికి తేవద్దు, నీళ్లకు వాడవద్దు.

మంట పుట్టగానే పని ఆపి, మందు తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో చల్లని నీళ్లతో కడుక్కోవాలి. వేడినీళ్లు వద్దు, రుద్దడం వద్దు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపవద్దు. మంటతో పాటు వాంతులు, చెమటలు, చూపు మసక, కండరాలు అదరడం, ఆయాసం ఉంటే రేపు చూద్దామనవద్దు. మందు పేరు రాసుకొని ఆ క్షణమే దవాఖానకు పోవాలి. పేరు తెలియని ట్యూబు మందులు రాయించుకోవద్దు. అందులో స్టెరాయిడు ఉంటే రెండు రోజులు హాయిగా ఉన్నట్టుండి చర్మం పలచబడుతుంది, అసలు రోగం ముసుగేసుకుంటుంది. మంట వారాల తరబడి ఉంటే, మొద్దుబారిన చోటు ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పి కుష్టు పరీక్ష అడగండి. అడగడం అవమానం కాదు, దాచడం ప్రమాదం.

మాకు డాక్టర్ల మీద కోపం లేదు. రోజుకు వందమందిని చూడవలసిన డాక్టరు కూడా ఒక విధంగా మనలాగే బరువు మోస్తున్నవాడు. తోటి ఖాళీలను నింపమని వాళ్లూ అడగాలి, మనమూ అడగాలి. కాని తెలియకపోతే "తెలియదు, వెతుకుదాం" అని చెప్పే ధైర్యం ఉండాలి. తెలియదన్న మాటతో వైద్యం మొదలవుతుంది. ఏమీ లేదన్న మాటతో ముగిసిపోతుంది.

ఎర్రటి ఎండలో నడుము వంచి ఇంతమందికి అన్నం పెడుతున్న మనిషి తన పెయ్యి మండుతున్నదని చెప్పినప్పుడు ఆ మాటను నమ్మి కాగితం మీద పెట్టడం ఈ ప్రభుత్వానికి అంత పెద్ద ఖర్చు కాదు. ఒక కలం, ఒక పుస్తకం, ఒక ప్రశ్న. ఆ ప్రశ్న వాళ్లు అడగకపోతే మనం అడుగుదాం. ఈ వానాకాలం మందుల పంపులు భుజానికి ఎక్కకముందే ప్రతి మండల దవాఖాన ముందు కూలీలు నిలబడి, మా చీటీ మీద మా పని రాయమని అడగాలి. రాసేదాకా కదలకూడదు.